అప్‌డేట్: బాత్రూమ్‌లో అతికించిన వినైల్ షీట్ పీకించేశాం

తిరుపతి కొర్లగుంటలో మా పాత ఇంటి బాత్రూమ్‌లో గచ్చుకి గమ్‌తో అతికించిన వినైల్ షీట్ మీదే టైల్స్ వేయొచ్చా అని అడిగాను కదా. అందరూ వద్దన్నారు, తీయించేశాం. షీట్‌ను పట్టీలుగా కోసి, హీట్ గన్‌తో వేడిచేసి లాగితే సులువుగానే వచ్చింది. అసలు తంటా గమ్‌తోనే. మేస్త్రి థిన్నర్ పోద్దామన్నాడు. కరిగిన గమ్ సిమెంట్‌లోకి ఇంకితే టైల్ అడ్హెసివ్ (టైల్స్ అతికించే మిశ్రమం) పట్టదని నేను ఒప్పుకోలేదు. పైగా ఆ ఇరుకు గదిలో థిన్నర్ వాసనొకటి! చివరికి స్క్రాపర్‌తో గీకి, మొండిగా మిగిలినచోట చిప్పింగ్ చేశారు (గచ్చు పైపొరను ఉలితో చెక్కేశారు). తర్వాత నీళ్లు చల్లి చూశాం. గచ్చు పీల్చుకుంది గానీ ఒక మూల బొట్లుబొట్లుగా నిలిచాయి, అంటే గమ్ ఇంకా ఉన్నట్టే. అక్కడ మళ్లీ గీకించాను. వాలు సరిచేసి వాటర్‌ప్రూఫింగ్ కూడా పూశారు. అది ఆరాక 24 గంటలు నీళ్లు నిలబెట్టి లీకేజీ ఉందేమో చూసి, టైల్స్ మొదలుపెడతాం.