సమస్య: కోసి సగము చేయఁ గోటి పెరిగె

పృచ్ఛకుడు: ఈ వారం ఇచ్చినది ఆటవెలది నాలుగవ పాదం. కోసి సగం చేసినది తరగాలి గాని, కోటి పెరగడమేమిటన్నదే ఇందులోని చిక్కు. కోటి అంటే నూరు లక్షలే కాదని, కొసైన్‌కు మన జ్యోతిర్గణితంలో కోటిజ్య అనీ, సైన్‌కు భుజజ్య అనీ పేర్లున్నాయని గుర్తుంచుకొని అర్ధకోణ సూత్రాల మీదుగా పూరించవలసిందిగా మనవి. స్థలం కోసి అమ్మితే కోటి వచ్చిందనే పూరణలు ఈసారికి వద్దు.

మొదటి పూరణ:

ఆ.వె. అరువ దంశలందు నర్ధమ్ము కోటిజ్య
దాని సగము ముప్పదంశ లగును
భుజయు సగమె యయ్యె బోధింప వింతయే
కోసి సగము చేయఁ గోటి పెరిగె

లెక్కల మాష్టారు: అయ్యా, యతులు కుదిరాయి. 60 అంశల (డిగ్రీల) కొసైన్ 0.5, 30 అంశలకు 0.866 కనుక చివరి పాదమూ పొసగింది. మూడవ పాదమే దారి తప్పిస్తున్నది. భుజ సగమైనదంటే చదువరి మునుపటి భుజలో సగమనుకుంటాడు, అప్పుడు 0.866 కాస్తా 0.433 కావాలి, నిజానికి వచ్చేది 0.5. కోణం సగమైతే సైన్ కూడా సగమవుతుందనే ఈ భ్రమే మా ఇంటర్ పిల్లల మార్కులను ఏటా మింగుతున్నది. ఇక "బోధింప వింతయే" గణాలు నింపడానికి వచ్చిందే తప్ప అర్థానికి ఏమీ చేర్చలేదు.

మొదటి పూరణకర్త: నా ఉద్దేశం త్రిజ్యలో, అంటే వ్యాసార్ధంలో, సగమని, ఆ మాట పద్యంలో లేకపోవడం నా లోపమే. పాదాన్ని ఇలా మారుస్తున్నాను: "త్రిజ్యలో సగ మగు దీని భుజయు నిట".

రెండవ పూరణ:

ఆ.వె. ఒకటిఁ గోటిఁ గలిపి యొగి సగమ్ముగఁ జేసి
మూలముఁ గొన వచ్చు ముందు కోటి
కంటె మించు విలువ, కాన నీ కోణమ్ము
కోసి సగము చేయఁ గోటి పెరిగె

పృచ్ఛకుడు: కొసైన్‌కు ఒకటి కలిపి, సగం చేసి, వర్గమూలం తీస్తే అర్ధకోణపు కొసైన్ వస్తుందన్న సూత్రం మొత్తం రెండు పాదాలలో ఒదిగింది. "కోణమ్మును" అని ద్వితీయ వేసి ఉంటే ద్రుతం వల్ల "గోసి" అయ్యేది. జడవాచకానికి ద్వితీయకు బదులు ప్రథమ చెల్లుతుంది కనుక సమస్యాపాదం చెక్కుచెదరలేదు.

లెక్కల మాష్టారు: పద్యం బాగుంది గాని హద్దు చెప్పలేదు. కోణం 180 అంశలు దాటితే అర్ధకోణం రెండవ పాదంలో (పద్యపాదం కాదు, వృత్తపాదం) పడి మూలానికి రుణ గుర్తు వస్తుంది. 240 అంశల వద్ద కోణానికీ దాని సగానికీ కొసైన్ ఒక్కటే, −0.5, ఆపైన 360 వరకు సగం చేస్తే కోటి తరుగుతుంది.

రెండవ పూరణకర్త: నా దృష్టి 90 అంశలు దాటని ఆర్యభటుని జ్యాపట్టిక (సైన్ విలువల పట్టిక) మీద ఉన్నది, ఆ హద్దును పద్యానికి ముందు వచనంలో చేరుస్తాను. అక్కడ త్రిజ్య 3438, 30 అంశల జ్య (త్రిజ్యతో గుణించిన సైన్) 1719, ఉత్క్రమజ్య (త్రిజ్యలోంచి కోటిజ్యను తీసివేయగా మిగిలేది) 460. ఈ చివరి రెండింటి వర్గాల మొత్తానికి మూలం తీసి సగం చేస్తే 889.7 వస్తుంది, పట్టికలో 15 అంశల జ్య 890. దీనిని భుజ మీద మరొక పూరణగా అల్లుతున్నాను. "ఉత్క్రమజ్య" సరిగ్గా రెండు సూర్యగణాలు కావడం నా అదృష్టం.