ఉడికిన శనగలు ఒక కప్పు అంటే ఎన్ని గ్రాములు?

గింజలలెక్క:
వైద్య సలహా మేరకు రోజూ తినే మాంసకృత్తుల లెక్క రాసుకుంటున్నాను. వంటకాల కొలతలు కప్పుల్లో ఉంటే, పోషకాల పట్టికలేమో 100 గ్రాములకు విలువలు ఇస్తున్నాయి. ఎండు శనగలు కప్పుకు దాదాపు 200 గ్రాములు తూగుతాయి కాబట్టి ఉడికినవీ అంతే ఉంటాయనుకొని రెండు వారాలు లెక్క వేశాను. నిన్న తూచి చూస్తే 160 గ్రాములకు కొంచెం పైన మాత్రమే వచ్చింది. నీరు పీల్చిన గింజ బరువెక్కాలి కదా, మరి కప్పు బరువు ఎలా తగ్గింది?

తూకమేనమ్మకం:
గింజ బరువెక్కిన మాట నిజమే, కానీ అంతకు మించి ఉబ్బింది. ఒక కప్పు ఎండు శనగలను నానబెట్టి ఉడికిస్తే బరువు రెండింతలు దాటుతుంది, పరిమాణం మాత్రం రెండున్నర కప్పులను మించుతుంది. పైగా గుండ్రని పెద్ద గింజల మధ్య ఖాళీలు మిగులుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో నీరు వార్చిన ఉడికిన శనగలు కప్పుకు 164 గ్రాములు, రాజ్మా 177 గ్రాములు, చిన్నగా, మెత్తగా ఉండి ఒకదానిమీద ఒకటి సర్దుకునే మసూర్ గింజలు 198 గ్రాములు. కాబట్టి అన్ని గింజలకూ ఒకే అంకె వాడకూడదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అదే పట్టికలో 100 గ్రాముల ఉడికిన శనగలకు కేలరీలు కూడా 164. ఈ రెండు అంకెలూ కలవడం వల్ల కప్పు శనగలకు 164 కేలరీలని నేను చాలాకాలం పొరబడ్డాను. నిజానికి కప్పుకు దాదాపు 269 కేలరీలు, పద్నాలుగున్నర గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

వార్చిచూడు:
మీ కప్పు ఎంత పెద్దదో ముందు చూసుకోండి. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250. రెండో దానిలో శనగలు 173 గ్రాముల వరకు పడతాయి. వార్చడంలోనే నాకు పెద్ద తేడా కనిపించింది. జల్లెడలో వేసిన వెంటనే తూస్తే ఒక అంకె, అయిదు నిమిషాలు ఆగి తూస్తే మరో అంకె వచ్చింది, గింజలకు అంటిన నీరు కూడా తూకంలో చేరుతుంది కదా. అందుకే ప్రతిసారీ ఒకే సేపు వారనిచ్చి, కప్పులో అదమకుండా, అంచుకు సమంగా చదును చేసి తూస్తున్నాను.

గింజలలెక్క:
అర్థమైంది, ధన్యవాదాలు. మెత్తగా ఉడికి నీటిలో కలిసిపోయే కందిపప్పును ఎలా లెక్కించాలి? దానిని వార్చే వీలే లేదు.

తూకమేనమ్మకం:
దానికి కప్పును పూర్తిగా వదిలేయండి. ఎవరు ఎంత నీరు పోస్తారో దానిని బట్టి కప్పులోని పప్పు మారిపోతుంది కనుక ఏ పట్టికా మీకు పనికిరాదు. ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకోండి. ఉదాహరణకు 150 గ్రాముల ఎండు పప్పు వండాక గిన్నె బరువు పోను 900 గ్రాములు వచ్చిందనుకుందాం. మీరు 180 గ్రాములు వడ్డించుకుంటే అది అయిదో వంతు, అంటే మీరు తిన్నది 30 గ్రాముల ఎండు పప్పు. ఎండు పప్పు విలువలతోనే లెక్క కట్టండి. నీటి సంగతి మధ్యలోకి రాదు. శనగలకూ ఈ పద్ధతే నాకు అన్నిటికంటే నమ్మకంగా ఉంది.

గింజలలెక్క:
ఈ రోజు అలాగే చేశాను. 250 గ్రాముల ఎండు శనగలు, అయిదు నిమిషాలు వార్చాక, 575 గ్రాములయ్యాయి. అంటే 2.3 రెట్లు. ఇక నుంచి ఉడికిన బరువును 2.3తో భాగించి ఎండు బరువు రాసుకుంటాను, కొత్త సంచి తెరిచినప్పుడు మళ్ళీ ఒకసారి తూస్తాను. పాత రెండు వారాల లెక్కలనూ 164 గ్రాముల చొప్పున సరిచేస్తున్నాను.