ధమనిలో మంచి రక్తం, అంతరిక్షంలో గురుత్వం సున్నా: రెండూ తప్పేనా?

ప్రశ్న: పదో తరగతి చదువుతున్నాను. ధమనుల్లో ఆక్సిజన్ ఉన్న రక్తం, సిరల్లో లేని రక్తం అని బట్టీ పట్టాను. పుపుస ధమని (గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లేది) దగ్గర అది తలకిందులైంది. అంతరిక్ష కేంద్రంలో గురుత్వం ఉండదని రాస్తే దానికీ మార్కులు పోయాయి. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు: ముందు రక్తం సంగతి. ఆక్సిజన్‌ను పక్కన పెట్టండి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. నిర్వచనం అంతే. కుడి జఠరిక (గుండె కింది గది) నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తంలో ఆక్సిజన్ తక్కువే, అయినా అది గుండె నుంచి బయటికే పోతోంది కాబట్టి ఆ నాళం ధమనే. ఈ 'మంచి రక్తం, చెడు రక్తం' అనే మాటలు మానేస్తే సగం గందరగోళం పోతుంది. బొమ్మల్లో సిరలకు నీలం రంగు వేస్తారు గానీ లోపలి రక్తం ముదురు ఎరుపే.

ఇక రెండోది. ఆ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది. భూమి వ్యాసార్థం 6400 అనుకుంటే, భూమి మధ్య బిందువు నుంచి దూరం 6800. 6400ను 6800తో భాగించి వర్గం చేస్తే దాదాపు 0.89. అంటే g (గురుత్వ త్వరణం) అక్కడ 9.8 బదులు 8.7 దాకా ఉంది!

ప్రశ్న: అంత ఉంటే మరి వ్యోమగాములు కింద పడరేం?

జవాబు: పడుతూనే ఉన్నారు. ఒక్క సెకనులో 4.3 మీటర్లు కిందికి పడేలోపు 7.7 కిలోమీటర్లు పక్కకు పోతారు. అంత దూరంలో భూమి కూడా అదే 4.3 మీటర్లు వంగిపోతుంది, అందుకే నేల ఎప్పటికీ అందదు. కాళ్ల కింద బరువు తూచే యంత్రం పెట్టినా అదీ వాళ్లతోపాటే పడుతుంది, నొక్కుడు లేదు కాబట్టి సున్నా చూపిస్తుంది. ద్రవ్యరాశి మాత్రం మారదు. పరీక్షలో 'స్వేచ్ఛాపతనం వల్ల భారరహిత స్థితి' అని రాయండి, ఎవరూ కొట్టేయరు.

ప్రశ్న: థాంక్స్ అండీ, టెన్షన్ తగ్గింది. చివరగా ఒకటి, పుపుస సిరలు ఎన్ని?

జవాబు: మామూలుగా నాలుగు, ఒక్కో ఊపిరితిత్తి నుంచి రెండేసి. అన్నీ ఎడమ కర్ణికలోకే (గుండె పై గది) తెరుచుకుంటాయి.