సీసా మీదున్నది పాలపిట్టనా, లకుముకినా?

పానగల్లు పోరడు:
పోయిన దసరాకు మా పెద్దబాపుతోని లొల్లి అయింది. 2025ల పండుగ గాంధీ జయంతి నాడే వచ్చె, వైన్స్ బంద్, ఆయన ముందురోజే తెచ్చి బియ్యం డబ్బాల దాచిండు. జమ్మికి పోయొచ్చినం గని పాలపిట్ట ఏడ కనవడలే. ఇంటికొచ్చి కింగ్‌ఫిషర్ సీసా తీసి "ఇగో సూడు, దర్శనం అయిపాయె" అంటడు. అది లకుముకి పెద్దబాపు అంటే ఇనడు. పేరు నోరు తిరగదు, వైన్స్ కాడ ఎప్పుడైనా "పిట్ట బీరియ్యి" అనే అడుగుతడు. ఈ పిట్ట కథ ఎవలకన్న ఎర్కనా?

జడ్చర్ల అన్న:
లకుముకే తమ్మీ, కింగ్‌ఫిషర్ అంటేనే అది. మూతి చూడు ఎంత పొడుగుందో, పాలపిట్టకు పొట్టిగుంటది. కంపెనీ పాతది, 1915ల థామస్ లీష్మన్ అని స్కాట్లండాయన సౌత్‌ల ఐదు బ్రూవరీలు కలిపి యునైటెడ్ బ్రూవరీస్ చేసిండు, స్వాతంత్ర్యం టైంల విఠల్ మాల్యా చేతికొచ్చింది, 1978ల కొడుకు విజయ్ మాల్యా ఈ పిట్టను ముందర వెట్టి మార్కెట్ల దింపిండు.

నల్లమల నర్సిగాడు:
మాకు బీరు కన్నా మూత ముఖ్యం 😀 బండరాయితోని సాపు జేసి, మొలతోని రెండు పొక్కలు గొట్టి, దారం ఎక్కించి గుంజితే గుయ్యిమని తిరిగేది, ఏలు తెగేది కూడా. గోలీసోడకు మూతుండదాయె, కూల్‌డ్రింకులు ఊర్లె పెండ్లిళ్లకే. 95ల మద్యనిషేధం వచ్చినంక ఏరుకుందామంటే మూతల్లేవు, 97ల ఎత్తేసేదాంక మా ఆట బంద్. ఆడోళ్లు సంబురపడ్డరు, మేమే ఏడ్చినం.

దేవరకొండ డేవిడ్:
అసలు కత యాడ్‌లది. 2000ల కేబుల్ టీవీ రూల్స్ మార్చి మందు యాడ్స్ ఆపిన్రు. ఇగ పిట్ట సోడా మీద వాలింది, నీళ్ల బాటిల్ మీద వాలింది, 2003 నుంచి క్యాలెండర్, 2005ల కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ అని ఏకంగ విమానమే ఎక్కింది. బీరు అనే ముచ్చటే రాదు, పాట ఇంటే మాత్రం చల్ల సీసానే యాదికొస్తది. 2012ల విమానాలు నేల మీద కూసున్నయి, సీసా మీది పిట్ట మాత్రం ఎగురుతనే ఉంది.

మిర్యాలగూడ మామ:
యాడ్ చూసి ఎవడు తాగుతడు భై, మే నెలల కూలింగ్ లేకపోతే ఏ పిట్టైనా ఒకటే. మా దిక్కు నాకౌట్‌ను బాక్సింగ్ బీరంటరు, దాని మీద గుద్దులాడేటోడు ఉంటడు కాబట్టి. సదువు రానోళ్లకు బొమ్మనే పేరు. ఇంకొకటి, 2021 సంది ఆ పిట్ట పంజరం హాలెండ్ బీరు కంపెనీ హైనెకెన్ చేతిల ఉంది. 2025 జనవరిల బకాయిలని, రేటు పెంచలేదని మన తెలంగాణకు సప్లై ఆపిన్రు, పది పన్నెండు దినాలకు మళ్ల మొదలు వెట్టిన్రు, ఫిబ్రవరిల 15 శాతం పెరిగింది. కట్టింది మనమే.

పానగల్లు పోరడు:
పెద్దబాపుకు అంతా సదివి ఇనిపించిన. "నీలంగుందా లేదా?" అన్నడు. ఉంది అన్న. "మరింకేంది" అని మూత తీసిండు.