సీఓపీడీకి స్టెమ్ సెల్ థెరపీ: డబ్బులు పెట్టొచ్చా?

విజయనగరం_అబ్బాయి: మా నాన్నగారికి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాల జబ్బు), సీటీ స్కాన్‌లో ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తుల్లో గాలిగదుల గోడలు పాడయ్యాయి అని రాశారు. బాత్రూమ్‌కెళ్లి వచ్చేసరికి మంచం పట్టుకుని నిలబడిపోతున్నారు. ఒక క్లినిక్ వాళ్లు పొట్టలో కొవ్వు తీసి అందులోంచి స్టెమ్ సెల్స్ (వేరే కణాలుగా మారగల మూలకణాలు) తీసి సెలైన్‌లా ఎక్కిస్తాం, పాడైన ఊపిరితిత్తులు మళ్లీ బాగవుతాయి అంటున్నారు, లక్షల్లో ఖర్చు. చేయించమంటారా?

పల్మో_పీజీ: వద్దండి. అమెరికాలో 62 మంది సీఓపీడీ పేషెంట్ల మీద ట్రయల్ చేశారు, 2013లో రిజల్ట్స్ వచ్చాయి. సగం మందికి దాతల ఎముక మజ్జ సెల్స్ నెలకోసారి నాలుగు డోసులు, మిగతావాళ్లకి ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి డోసు), రెండేళ్లు ఫాలో అయ్యారు. స్పైరోమెట్రీలో (ఊది చూసే ఊపిరి పరీక్షలో) తేడా లేదు, జబ్బు ఒక్కసారిగా ముదిరే ఎటాక్స్ తగ్గలేదు.

గోదారి_గట్టు: అదే ట్రయల్‌లో సేఫ్ అని కూడా తేలింది కదా, సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష) ఎక్కువున్నవాళ్లకి తగ్గింది కూడా, అది చెప్పరేం? బ్లడ్ క్యాన్సర్‌కి స్టెమ్ సెల్సే కదా ఎక్కిస్తున్నారు. ఇన్‌హేలర్ రాసి పంపించేస్తుంటే మనిషి ఏ ఆశతో బతకాలి?

పల్మో_పీజీ: బ్లడ్ క్యాన్సర్‌లో ఎక్కించిన సెల్స్ మజ్జలో కుదురుకుని కొత్త రక్తం తయారుచేస్తాయి. ఇక్కడ ఎక్కించినవి ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లో ఇరుక్కుని కొద్దిరోజుల్లో పోతాయి. గాలిగదుల గోడ రిపేర్ చేసేది అక్కడే ఉండే టైప్ 2 కణాలు, దెబ్బ తగిలితే అవే గోడగా పరుచుకునే టైప్ 1 కణాలుగా మారతాయి, కానీ ఎంఫిసీమాలో గోడే కరిగిపోయింది, సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ లేదు, కేశనాళికలు లేవు, ఇంక సెల్ దేన్ని పట్టుకుని నిలబడుతుంది? పైగా సేఫ్ అన్నది ఆ ట్రయల్‌లో వాడిన సెల్స్ గురించి, ఈ క్లినిక్ కొవ్వులోంచి తీసేదాని గురించి కాదు. ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం ఇలాంటి వాడకం క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి, పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

సిక్కోలు_ఆడపడుచు: తమ్ముడూ, మా పెద్దమ్మది కట్టెల పొయ్యి, పైగా అడ్డపొగ (వెలిగించిన వైపు నోట్లో పెట్టి చుట్ట తాగడం) అలవాటు. ఫిజియో అమ్మాయి ముక్కుతో పీల్చి, పెదాలు ఈల వేసేటట్టు పెట్టి మెల్లగా వదలడం నేర్పింది, కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ చేయించింది. ఊపిరితిత్తులు మారలేదు గానీ ఇప్పుడు తన తల తనే దువ్వుకుంటోంది. ఆ లక్షలు పెట్టే ముందు మీ నాన్నగారికి ఇలా ఊపిరి, ఒంటి వ్యాయామాలు నేర్పే పల్మనరీ రీహాబ్ ఎవరైనా చేయించారా?

గోదారి_గట్టు: రీహాబ్ మంచిదే, కాదనను. మా ఊళ్లో ఎక్కడుందమ్మా అది? క్లినిక్‌వాళ్లు ఇంటికే ఫోన్ చేస్తున్నారు, పెద్దాసుపత్రుల్లో రీహాబ్ అనే మాటే ఎవరూ చెప్పట్లేదు, జనం అటు పోక ఎటు పోతారు!

పల్మో_పీజీ: ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, తప్పు మా వైపుదే. విజయనగరం గారూ, ఆ క్లినిక్‌ని సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, ఇవ్వకపోతే అడ్వాన్స్ కట్టకండి.