‘హార్దిక స్వాగతం’లో దకు ఒత్తు ఉందా?

అడిగినవారు, విజయవాడ:
బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు ప్రారంభం. 10 అడుగుల ఫ్లెక్సీ, రేపు పొద్దున్నే ప్రింటుకు వెళ్లాలి. మ్యాటర్ ఇది: ‘మీకు మా హార్ధిక సుస్వాగతం. విద్యార్ధులకు అర్థ ధరకే.’ ‘హార్ధిక’ రైటని ఒకరు, ‘హార్దిక’ అని ఇంకొకరు పట్టుబట్టారు. ఏది సరైనది? ప్రతిసారీ నిఘంటువు తిరగేయకుండా గుర్తుపట్టే ఉపాయం ఉందా?

తెలుగు మాస్టారు, గుంటూరు:
హార్దికే. ఒత్తు లేదండీ. హృదయం నుంచి వచ్చిన మాట కాబట్టి హృదయంలో ఏ ద ఉందో ఇక్కడా అదే. అనుమానం వచ్చినప్పుడు ఆ మాటకు చుట్టమైన ఇంకో మాటను పలికి చూడండి. వర్ధంతికి వృద్ధి చుట్టం, అందుకే ఒత్తు ధ. నిర్ధారణలో ‘నిర్’ తీసేస్తే ధారణ మిగులుతుంది, ఒత్తు ఉంది. నిర్దేశం, ఆదేశం ఒక్క ఇంటివి, ఒత్తు లేదు.

మీ మ్యాటర్లో మిగతా రెండూ కూడా తప్పే. విద్యార్థి అంటే విద్యను అర్థించేవాడు, అంటే కోరేవాడు. పొట్టలో చుక్క ఉన్న థ రావాలి. ప్రార్థన, అభ్యర్థి, లబ్ధిదారుల బోర్డుల మీద కనిపించే ‘ఆర్థిక సాయం’, అన్నిటికీ ఇదే థ. సగం అనే అర్థంలో మాత్రం చుక్క లేని ధ: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు. ‘అర్థ ధర’ అని వేస్తే సగం అన్న మాటే పోతుంది. అసలు ‘సగం ధరకే’ అనేయండి. అందరూ అనే మాట, తప్పు పడే చోటే ఉండదు.

ఇంకొకటి. సు + ఆగతం కలిస్తేనే స్వాగతం. ‘సుస్వాగతం’ అంటే సు రెండుసార్లు వచ్చింది. వాడుకలో బాగా పాతుకుపోయింది కాబట్టి తప్పని కొట్టెయ్యను గానీ, ‘హార్దిక స్వాగతం’ పొట్టిగా ఉంటుంది, అక్షరం పెద్దది చేసుకోవడానికి చోటు దొరుకుతుంది.

డీటీపీ, గవర్నర్‌పేట:
మాస్టారు చెప్పినట్టు సరిగ్గా టైపు చేసినా ఫ్లెక్సీ మీద ‘విద్యార్ధి’లాగే కనిపించే ప్రమాదం ఉంది. ‘ర్థ’లో థ కింద చిన్నదిగా పడుతుంది, దాని పొట్టలో చుక్క ఇంకా చిన్నది. పాత పుస్తకాల్లో వలపలగిలక (అక్షరానికి కుడి పక్కన రాసే ‘ర్’ గుర్తు) వాడినప్పుడు థ నిండు సైజులో ఉండేది, ఈ బాధ లేదు. ఇప్పుడు ఫ్లెక్సీలు డిజైన్ చేసే కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో లావుగా ఔట్‌లైన్ ఇస్తారు. ఔట్‌లైన్ గీత అంచుకు అటు సగం, ఇటు సగం పరుచుకుంటుంది. పసుపు అక్షరానికి నల్ల ఔట్‌లైన్ ఇస్తే లోపలి సగం చుక్కను తినేస్తుంది. ‘బిహైండ్ ఫిల్’ టిక్కు పెడితే ఆ సగం అక్షరం వెనక్కి పోతుంది, చుక్క నిలబడుతుంది. అక్షరం లావు కావాలని అదే రంగుతో ఔట్‌లైన్ ఇస్తే ఆ టిక్కు కూడా కాపాడదు. చుక్కకూ గోడకూ మధ్య సందు ఎంతుందో, గీత మందం అంతకు చేరగానే పొట్ట మూసుకుపోతుంది. ఆ సందులో సగం మందం దాటనివ్వకండి.

రోడ్డుకు అవతలి నుంచి, ఒక 50 అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు 5 అంగుళాలైనా ఉండాలి. 10 అడుగులకు 1 అంగుళం, అదీ లెక్క. కింది థ అందులో సగమే అని మరిచిపోవద్దు.

అడిగినవారు:
మ్యాటర్ వాట్సాప్‌లో పంపేస్తే కాపీ చేసుకుంటారు కదా, తప్పు ఎలా దూరుతుంది?

డీటీపీ, గవర్నర్‌పేట:
చాలాచోట్ల ఇంకా అనూ ఫాంట్లే. అవి ఫోన్లలో వాడే యూనికోడ్ పద్ధతివి కావు. ఫోన్లోది అతికిస్తే డబ్బాలో పిచ్చి గుర్తులో వస్తాయి, అందుకని ఆపరేటర్ ఫోన్ చూస్తూ మళ్లీ కొడతాడు. తప్పు అక్కడే పుడుతుంది. యూనికోడ్ ఫాంటే వాడినా పాత కోరెల్‌లో అక్షరాలు విడిపోయి ‘స్వాగతం’ కాస్తా ‘స్‌వాగతం’ అవుతుంది. కాబట్టి మీరు పంపిన మెసేజ్ సరిగ్గా ఉందా అని కాదు, డిజైన్ నుంచి తీసిన జేపీజీని చూడాలి. అదీ కర్వ్స్‌లోకి మార్చకముందే. కర్వ్స్ అయ్యాక అవి బొమ్మలే, మాట దిద్దాలంటే ఆ లైను మళ్లీ టైపు చేసి ఎఫెక్టులన్నీ మళ్లీ వేయాలి. కర్వ్స్ చేయని ఫైలు ఒకటి విడిగా దాచమనండి.

ఇంకో సభ్యురాలు, గుంటూరు:
చూసేటప్పుడు చివరి మాట నుంచి వెనక్కి చదవండి. ముందు నుంచి చదివితే కన్ను తెలిసిన మాటను తనే పూరించేసుకుంటుంది. ఫోన్ నంబరును చదవకండి, ఆ జేపీజీ చూస్తూ డయల్ చేసి రింగయ్యేదాకా ఆగండి. సమయం వేస్తుంటే ‘మధ్యాహ్నం’ చూసుకోండి, హ పైన, న కింద. ‘మధ్యాన్హం’ అని తలకిందులు చేస్తారు. ఆహ్వానం, చిహ్నంలోనూ హ పైనే. మాస్టారూ, విగ్రహ ‘ప్రతిష్ట’ అని పత్రికల్లోనే వస్తోంది, మరి దాన్నేమనాలి?

తెలుగు మాస్టారు, గుంటూరు:
మూలం ప్రతిష్ఠ, ఒత్తు ఠ. నిష్ఠ కూడా అంతే. ‘ప్రతిష్ట’ బాగా అలవాటైంది, కొట్టువారు అదే కావాలంటే గొడవ పడను. కానీ ఒకే బోర్డు మీద పైన ప్రతిష్ఠ, కింద ప్రతిష్ట అని మాత్రం ఉండకూడదు. హార్దికకు, విద్యార్థికి ఈ సడలింపు ఇవ్వను, అక్కడ అక్షరం మారితే మాట వేరే ఇంటికి పోతుంది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలూ ఇదే జాబితా: ద కింద ధ. ఆ ఇంటివాళ్లు ఫొటో తీసి దాచుకునే బోర్డు అది, రెండుసార్లు చూడండి.

అడిగినవారు:
‘మీకు మా హార్దిక స్వాగతం. విద్యార్థులకు సగం ధరకే.’ ఔట్‌లైన్ సన్నం చేయించి ‘బిహైండ్ ఫిల్’ పెట్టించాను. జేపీజీని ఫోన్లో బొటనవేలి గోరంత చేసి చూశాను, థలో చుక్క కనిపిస్తోంది. ప్రింటుకు ఇచ్చేస్తున్నాను.