అంత్యస్మరణ: చివరి క్షణానికి సాధనా, బతికిన తీరా?

చివరి క్షణంలో దేన్ని తలుస్తూ దేహం విడుస్తామో దాన్నే పొందుతామని చెప్పే భగవద్గీత 8.6లో ‘సదా తద్భావభావితః’ అన్న మాటే కీలకం. జీవితమంతా మనసు దేనిలో నానిందో చివరికి అదే పైకొస్తుంది. అందుకే 8.7 ‘మామనుస్మర యుధ్య చ’, స్మరిస్తూనే నీ పని చెయ్యి అంటుంది. ఇంతవరకు చిక్కు లేదు, బాగా బతకడమే తయారీ.

కానీ 8.12, 8.13 విడిగా ఒక ప్రక్రియ చెబుతాయి: ఇంద్రియ ద్వారాలు మూసి, మనసును హృదయంలో నిలిపి, ప్రాణాన్ని శిరస్సుకు చేర్చి, ఓంకారం పలుకుతూ దేహం విడవాలి. వెంటిలేటర్ మీద స్పృహ లేనివారికి ఇందులో ఒక్క మెట్టూ కుదరదు కదా! వరాహ చరమశ్లోకం (వరాహమూర్తిగా విష్ణువు భూదేవికి ఇచ్చిన మాట) మాత్రం ఈ సమస్యను నేరుగా పట్టుకుంది: ఆరోగ్యంగా ఉన్నప్పుడు తలచినవాణ్ణి, కట్టెలా రాయిలా పడివున్నప్పుడు నేనే తలుస్తానని.

అద్వైతంలో దీనికి సమాధానం ఏమిటి? 8.12 యోగులకే పరిమితమై, ‘తస్యాహం సులభః’ (నిత్యం నన్ను స్మరించేవాడికి నేను సులభంగా దొరుకుతాను) అన్న 8.14 గృహస్థులకు దారి అనుకోవచ్చా? శంకర, రామానుజ భాష్యాలు పక్కపక్కన చదివినవారు శ్లోక సంఖ్యతో సహా చెప్పగలరు.